అప్పు తీరేదాకా రేకుల గదిలో

బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టారు. స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా విప్పబోతుంటే ఆయమ్మ వచ్చి, "టీచర్, మేడం పిలుస్తున్నది" అంది. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో నేను తెలుగు చెబుతాను. పరీక్ష పేపర్ల సంగతి అయ్యుంటుందనుకుని వెళ్ళాను. ప్రిన్సిపల్ మేడం కంప్యూటర్ వైపే చూస్తూ అడిగింది.

"మీ సార్ ఫోన్‌ల ఏమన్న లోన్ తీస్కున్నడా?"

నాకేమీ అర్థం కాలేదు. పొద్దున్నుంచి బడి నంబరుకు ఎవడో ఫోన్లు చేస్తున్నాడట. సగం హిందీ, సగం తెలుగు. మీ టీచర్ మొగుడు దొంగ, పైసలు ఎగ్గొట్టిండు, ఆమె జీతం ఆపుండ్రి అంటున్నాడట.

"నేనేం అనుకోను గని, పేరెంట్స్ ఫోన్ జేసే నంబర్ అది. మల్ల రాకుంట జూస్కోండ్రి" అంది మేడం.

తర్వాతి పీరియడ్‌లో ఎనిమిదో తరగతికి సంధులు చెప్పాలి. చెప్పాను. నేను బోర్డు మీద రాస్తుంటే వెనక పిల్లలు గుసగుసలాడుకున్నారు. ఆ పిల్లలు రోజూ గుసగుసలాడేవాళ్ళే, కానీ ఆ రోజు అది నా గురించే అనిపించింది. సాయంత్రం నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి మా ఆయన హాల్లో సోఫా మీద కూర్చుని ఉన్నాడు. ఫోను స్విచ్ఛాఫ్ చేసి బల్ల మీద పెట్టాడు. అక్కడే అర్థమైంది నాకు, ఆయనకు అన్నీ తెలుసని.

ఆయన చాలా ఏళ్ళు దుబాయిలో ఏసీ మెకానిక్‌గా చేశాడు. ఆ పైసలతోనే కోరుట్లలో ఇల్లు మొదలుపెట్టాం. ముందు కింద ఒక్కటే కడదామనుకున్నాం. పిల్లర్లు ఎలాగూ లేపుతున్నాం కదా అని పైన ఇంకో పోర్షన్ వేశాం. ఆ పైన మెట్ల గదిని ఆనుకుని చిన్న గది కట్టి, పైకప్పుగా అప్పటికి రేకులు వేయించాం. గ్రానైట్ రంగు నేను ఎంచాను. మెరిసే స్టీలు రెయిలింగ్ ఆయన ఎంచాడు. గృహప్రవేశానికి వీధి మొత్తాన్నీ, ఆయన వాళ్ళ ఊరినీ పిలిచి యాటలు కోసి మటన్ పెట్టాం. దుబాయి నుంచి వచ్చినవాడు పప్పన్నం పెడితే ఎవరూ ఊరుకోరు. ఆ మరుసటి ఏడే కంపెనీ క్యాంపు ఎత్తేసి, రావలసిన జీతాలు కూడా ఇవ్వకుండా అందర్నీ పంపేసింది. ఆయన వచ్చాడు. అప్పులు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఎంత ఉందని అడిగాను. వేళ్ళు ముడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. బ్యాంకు ఇంటిలోను నాకు తెలిసిందే. కారు లోను తెలిసిందే. నా బంగారం కుదువపెట్టిన సంగతీ తెలుసు. కానీ నూటికి రెండు రూపాయల మిత్తికి బజారులో ఒక పెద్దమనిషి దగ్గర తెచ్చింది తెలియదు. ముందే పాడి ఎత్తుకున్న చిట్టీ తెలియదు. దుబాయిలో ఆయనతో ఒకే గదిలో ఉన్న దోస్తు ఒకాయన ఇచ్చిన పైసలు తెలియదు. చివరికి, ఈ మిత్తిలు కట్టడానికి ఫోనులో యాప్‌ల నుంచి తీసుకున్నవి. ఒక చేతి వేళ్ళు చాల్లేదు, రెండో చేతికి వచ్చాడు.

మా అత్త గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా మామ తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. ఆయన పోయినా, కొడుకు దుబాయి నుంచి పైసలు పంపినా, ఆమె బీడీలు మానలేదు. చేతులు ఆపి, తల ఎత్తకుండానే అంది.

"నాకు ఒక్క ముచ్చట జెప్పకపోతివి కొడకా."

"ఏం జెప్పాలెనే? నువ్వు గడ్తవా?" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. గొంతులో శక్తి లేక అన్నాడు.

రెండు దారులున్నాయన్నాడు. ఒకటి ఇల్లు అమ్మడం. రెండోది మళ్ళీ అప్పు చేసి వీసా తీసుకుని పోవడం. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెడుతూ ఆలోచించాను. ఇల్లు అమ్మితే తొందరలో ఉన్నామని తెలిసి సగం ధరకు అడుగుతారు. ఆయన పోతే మొదటి రెండేళ్ళ సంపాదన వీసా అప్పుకే సరి. టీ తెచ్చి చేతికిచ్చి చెప్పాను.

"రెండు పోర్షన్లు కిరాయికిద్దాం. మనం పైన రేకుల గదిలకు పోదాం."

మా అత్తే ముందు లేచింది. "సొంతిల్లు కిరాయికిచ్చి రేకుల కింద పంటరా? ఊరోళ్లు నవ్వరా?"

ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. "నవ్వనీయే. ఫోన్లు జేసి దొంగ అంటున్నరు. నవ్వుడు నయమే గదా."

అలా అత్త, మా బిడ్డ, మేమిద్దరం పైకి వెళ్ళాం. కింద పోర్షన్‌లోకి బ్యాంకులో పనిచేసే భార్యాభర్తలు వచ్చారు. పైదాంట్లోకి కాలేజీ లెక్చరర్ కుటుంబం వచ్చింది. మా సోఫా, డైనింగ్ టేబులు మెట్లెక్కవు, ఎక్కినా పట్టవు. వాటిని అమ్మేశాం. కారు అమ్మేశాం. కారు లోను పోగా మిగిలిన పైసలతో మొదట యాప్‌ల అప్పు మూసేశాం. ఫోన్లు ఆగిపోయాయి. బడిలో నేను మళ్ళీ తలెత్తి నడవడానికి మాత్రం ఇంకొన్ని నెలలు పట్టింది.

ఆయన జగిత్యాలలో ఒక ఏసీ, ఫ్రిజ్ రిపేరు షాపులో చేరాడు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. ఎండాకాలంలో పని ఎక్కువ, పైసలూ ఎక్కువే. పగలంతా కలెక్టరాఫీసు వైపు కాలనీల్లో ఇళ్ళు చల్లబరిచి వచ్చి, మా రేకుల కింద కూర్చుంటే ఒంట్లోంచి చెమట ధారగా కారేది. ఒకరోజు మా బిడ్డ విసనకర్రతో విసురుతూ, "డాడీ, నువ్వు అందరియి బాగు జేస్తవు గదా, మనకొక పాత ఏసీ దొరకదా?" అని అడిగింది. అప్పుడు అది పదో తరగతి.

"దొరుకుతది బిడ్డా. కరెంటు బిల్లు కట్టెటోడే దొరకడు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు కానీ వాళ్ళు నవ్వడం బాగుంది.

పొదుపు అంటే పుస్తకాల్లో చదివినట్టు ఉండదు. మొదటి నెల నేను అన్నీ ఒకేసారి తగ్గించాను. పాలు తగ్గించాను, నూనె తగ్గించాను, ఆదివారం చికెన్ మానేశాను. మూడో వారానికి ఇంట్లో అందరికీ అందరి మీదా కోపమే. మా అత్తే చెప్పింది, "ఇగురంగ బతకాలె బిడ్డా, ఎండుకపోయి బతుకుడు గాదు" అని. ఇగురం అంటే మా వైపు పొదుపూ నేర్పూ కలిసిన మాట. ఉన్నదాన్ని చూసి నడుచుకోవడం. ఆ తర్వాత నెలకోసారి అరకిలో చికెన్ తెచ్చేవాళ్ళం. ఆ రోజు ఎవరూ అప్పు మాట ఎత్తకూడదని మా బిడ్డ ఒక షరతు పెట్టింది.

కంట్రోలు బియ్యం మాకు ముందునుంచీ వచ్చేవి. మా అత్త రేషన్ కార్డు మీద వచ్చే ఆ దొడ్డు బియ్యాన్ని మోపెడ్ మీద వచ్చే మనిషికి అమ్మేసేదాన్ని. ఇప్పుడు అవే వండుకున్నాం. మొదట్లో గొంతు దిగేవి కావు. కొన్నాళ్ళకు సన్నబియ్యమే ఇవ్వడం మొదలైంది, అది వేరే సంగతి. కూర లేని పూట మా అత్త చింతపండు నానేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పచ్చిపులుసు చేసేది. పొయ్యి వెలిగించే పని లేదు. మిగిలిన బియ్యప్పిండితో సాయంత్రం గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి. ఆమె చేతి వంటకు వంక పెట్టలేం. కానీ పండుగ వచ్చిందంటే మాత్రం ఆమె వేరే మనిషి అయిపోయేది. కొత్త బట్టలు లేకుండా దసరా ఏంటని సాధించేది. ఆ విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు.

మా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాన్న సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసినవాడు. అక్కడ లంగాల బట్ట చౌకగా దొరుకుతుంది. తానుల చివర మిగిలిన ముక్కలైతే ఇంకా చౌక. రెండు వారాలకోసారి ఆదివారం పోయి అమ్మను చూసి, సంచీ నిండా ఆ బట్ట తెచ్చుకునేదాన్ని. పాత మిషను మీద లంగాలు కుట్టి స్టాఫ్ రూములో అమ్మాను. మొదటి లంగా కొన్నది ప్రిన్సిపల్ మేడమే. నా మీద జాలితో కొన్నదనుకున్నాను. తర్వాతి నెల వచ్చి, "నాడా పొట్టిగ ఉన్నది టీచర్, ఈసారి జర పొడుగు పెట్టండ్రి" అని ఇంకో రెండు అడిగింది. జాలితో కొనేవాళ్ళు నాడా సంగతి చెప్పరు.

మొదటి ఎండాకాలం గడిచి, చిట్టీ తీరి, చేతిలో కొన్ని పైసలు పోగయ్యాయి. బజారులో మిత్తికిచ్చిన పెద్దమనిషికి ఆ పైసలు కట్టేద్దామని నేను అనుకున్నాను. తెచ్చిన అప్పుల్లో బరువైన మిత్తి అదే. అప్పుడే మా ఆయన జగిత్యాల బస్టాండులో ఆ దుబాయి దోస్తును చూశాడు. ఆయనది పెగడపల్లి దగ్గర ఊరు. దుబాయి మానేసి వ్యవసాయం చేసుకుంటున్నాడు. మా ఆయన స్తంభం చాటుకు తప్పుకున్నాడట. దోస్తే వచ్చి భుజం మీద చెయ్యేసి, చాయ్ తాగించి, బస్సెక్కించి పంపాడు. పైసల మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చి మా ఆయన అన్నం తినలేదు. "వానికి బోరు ఎండిపోయిందట. కొత్తది ఏపిస్తడట. నన్ను అడగలే. ఉన్న పైసలు వానికే ఇద్దాం" అన్నాడు.

"ఆయన మిత్తి లేకుంట ఇచ్చిండు గదా. బజార్ల బాకీకి దినదినం మిత్తి పెరుగుతది. లెక్క ప్రకారం..."

"లెక్క నాకు తెల్వదా?" అన్నాడు. "యాప్‌లోడు వందసార్లు ఫోన్ జేస్తే నాకు గింత కూడ కాలే. వీడు చాయ్ తాపితే పాణం పోయినట్టైంది."

నేను ఒప్పుకోలేదు. ఆయనా తగ్గలేదు. ఉన్నది ఒక్క గది కాబట్టి మాట్లాడుకోకుండా ఉండడం కూడా కష్టమే, అయినా కొన్ని రోజులు అలాగే గడిపాం. ఏం కావాలన్నా మా బిడ్డతో చెప్పించుకున్నాం. చివరికి అదే విసుక్కుంది. "మీరిద్దరు పోయి ఆయనను చూసి రాండ్రి. అవుసరమో కాదో అక్కడ తెలుస్తది."

ఒక ఆదివారం ఇద్దరం బస్సులో పోయాం. దోస్తు ఇంటి ముందు మక్క కంకులు, అంటే మొక్కజొన్న పొత్తులు, కుప్ప పోసి ఉన్నాయి. ఆయన భార్య మక్కలు ఒలుస్తోంది. దోస్తు మా ఆయన్ని చూసి లోపలికి పిలిచి కుర్చీలు వేశాడు. ఇంటి సంగతులు, పంట సంగతులు అన్నీ మాట్లాడుకున్నారు. అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఆయన పైసల మాట మొదలుపెట్టబోతే, "గిప్పుడేం తొందర లేదన్నా, నీకు ఉన్నప్పుడే ఇయ్యి" అన్నాడు దోస్తు.

వాకిట్లోంచి భార్య లేచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నా వైపు చూసి అడిగింది.

"అక్కా, పైసలు తెచ్చిన్రా?"

"తెచ్చినం."

"తెస్తే నా చేతికియ్యి. మా ఆయన మొగమాటపడ్తడు. నేను పడ. బోరు బండోడు రేపో ఎల్లుండో అస్తడు."

నాకు ఒక్కసారిగా మనసు తేలికైంది. సంచీలోంచి తీసి ఆమె చేతికిచ్చాను. వాటితో బాకీ సగానికి పైగానే తీరుతుంది, మిగిలినవి వానాకాలం తర్వాత ఇస్తామని చెప్పాను. ఆమె మా ముందే కూర్చుని లెక్కపెట్టుకుని, లోపల పెట్టి వచ్చి, "ఇగ తినుండ్రి" అని పళ్ళేలు కడిగింది. మక్క రవ్వ ఉడికించిన గడ్క, గోంగూరతో చేసిన పుంటికూర పెట్టింది. తిరుగు బస్సులో మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని నిద్రపోయాడు. ఆయన అలా నిశ్చింతగా నిద్రపోవడం నేను చూసి చాలా రోజులైంది.

దానికి మేం మూల్యం కట్టాల్సే వచ్చింది. బజారులో పెద్దమనిషి దగ్గరికి పోయి గడువు అడిగితే, "అసలు ఆపు తల్లీ, మిత్తి ఆపకు" అన్నాడు. ఆ ఏడాదంతా ఆ మిత్తి కట్టాం. లెక్క ప్రకారం నేనన్నదే నిజం. కానీ మరోసారి చేయాల్సి వచ్చినా అలాగే చేస్తాం.

తర్వాత వచ్చింది ఒడిబియ్యం. ఇంటి ఆడబిడ్డకు కొన్నేళ్ళకోసారి పుట్టింటివాళ్ళు ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసి, చీర పెట్టి పంపడం మా వైపు ఆనవాయితీ. పేరుకే బియ్యం, ఖర్చంతా దావత్‌ది, అంటే విందుది. వచ్చిన చుట్టాలకు బట్టలు పెట్టాలి, యాట కోయాలి. మా ఆయనకు ఒక్కతే అక్క. ఆమె అత్తగారిది చందుర్తి వైపు ఊరు. గృహప్రవేశం నాడే, వచ్చే ఒడిబియ్యం కొత్తింట్లో ఘనంగా పోస్తామని మా అత్త అందరి ముందూ చెప్పింది.

మా వదినె ఒకరోజు చెప్పకుండా వచ్చింది. మేం పైకి మారాక రావడం అదే మొదటిసారి. మెట్లెక్కి ఆయాసపడుతూ, రేకుల గదిని చుట్టూ చూసింది.

"ఏమే, గంత ఇల్లు గట్టుకొని పిట్టగూట్లె పడ్డరేందే?"

మంచినీళ్ళు ఇచ్చాను. కాసేపటికి ఒడిబియ్యం మాట వచ్చింది. మా ఆయన లేచి గోడ దగ్గర నిలబడ్డాడు. మా అత్త నేల చూస్తోంది. చెప్పాల్సింది నేనే అని అర్థమైంది.

"వదినె, ఈసారి నీకు ఒడిబియ్యం పోస్తం, చీర పెడ్తం. మనింటోళ్లమే ఉంటం. దావత్ మాత్రం చెయ్యం."

"గట్లయితే నాకొద్దు" అంది. "పోయినేడు మా తోటికోడలికి ఆళ్ల అన్నలు యాట గోసిన్రు, టెంట్లేసిన్రు. నేను సంచి వట్టుకొని బస్సు దిగితే ఆళ్ల ముంగట నా ఇజ్జత్ ఏముంటది? యాప్‌లోడు నాకు ఫోన్ జేసి మీ తమ్ముడు దొంగ అన్నప్పుడు గూడ నేనొక్క మాట అనలే. గిప్పుడు గిదా?"

"అక్కా..." అని మా ఆయన ఒకడుగు ముందుకు వేశాడు.

"నువ్వు మాట్లాడకు తమ్మీ. నీ పెండ్లం మాట్లాడింది గదా, సరిపోయింది."

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆమె తినకుండానే దిగిపోయింది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ అన్నం ముట్టకుండా పోవడమంటే మా దగ్గర చిన్న మాట కాదు. మా అత్త ఆ పూట నా చేతి అన్నం తినలేదు, మరుసటి పూటా తినలేదు. ఇంత పచ్చడి వేసుకుని తనే వండుకుని తిన్నది. ఒకే గదిలో రెండు వంటలు. గ్యాసు ఎంత పొదుపు చేశామో అంతా ఆ వారం పోయింది.

దసరా పోయింది, దీపావళి పోయింది. వదినె ఫోన్ చేయలేదు. మా ఆయన చేస్తే ఆమె భర్త, బావే ఎత్తి మాట్లాడేవాడు. ఎండలు మొదలవుతుండగా ఒక గురువారం పొద్దున్నే వదినె మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఒక్క సంచీ. చాప మీద కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా, "పొయ్యుండ్రి బియ్యం" అంది.

తర్వాత చెప్పింది అసలు సంగతి. ఒడిబియ్యం తీసుకుని వెళ్ళిన ఆడబిడ్డ ఊరికే ఉండడానికి లేదు. ఆ బియ్యం వండి తమ ఊళ్ళోవాళ్ళకు విందు పెట్టాలి. మేం యాట కోస్తే వాళ్ళూ కోయాలి. బావ ఆమెతో అన్నాడట, "మీ తమ్ముడు దావత్ చెయ్యననుడే మంచిగైంది. ట్రాక్టర్ కిస్తీలే ఎల్తలేవు, మనం యాట యాడికెళ్లి తెద్దుం?" అని. ఆమెకు వాళ్ళ ఇంటి అప్పు సంగతి అప్పటిదాకా సరిగ్గా తెలియదు. నాకు ప్రిన్సిపల్ గదిలో తెలిసినట్టు ఆమెకు చేను గట్టు మీద తెలిసింది.

మరునాడు శుక్రవారం. ఎండ ముదరకముందే రేకుల ముందు ముగ్గు వేశాం. మా అత్త మంచి బియ్యం కొనుక్కు రమ్మని మా ఆయన్ని పంపి, వాటికి పసుపు, నూనె రాసి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు కలిపింది. ఆమె ముఖం ఆ పొద్దున వెలిగిపోయింది. ఒడి పోయడానికి ముత్తైదువలు కావాలి కదా, కింది పోర్షన్ల ఇద్దరు ఆడవాళ్ళను పిలిచాను. బ్యాంకులో పనిచేసే ఆమెకు ఈ పద్ధతి తెలియదు. ఎలా పోయాలో మా వదినే నేర్పింది. నేనూ మా ఆయనా కలిసి పోశాం. బగార అన్నం, కోడికూర వండుకున్నాం. కింద ఇళ్ళవాళ్ళూ మాతోనే తిన్నారు. సిరిసిల్ల నుంచి తెచ్చిన చీర పెడితే వదినె మడత విప్పి చూసి, "రంగు మంచిగ లేదే" అంది. నిజంగానే రంగు బాగా లేదు.

రెండు రోజులు మాతోనే ఉంది. మధ్యాహ్నం రేకుల సెగకు నిద్ర పట్టక లేచి కూర్చుని, "గిండ్ల ఎట్ల ఉంటున్నరే మీరు?" అని మాత్రం అడిగింది. వెళ్ళిన వారానికి బావ ట్రాలీ ఆటోలో తాటికమ్మలు వేసుకుని వచ్చాడు. మా అత్త కింద నిలబడి, ఏ కమ్మ ఎటు వేయాలో అరుస్తూ చెబుతుంటే, బావ, మా ఆయన పైకెక్కి రేకుల మీద పరిచి తాళ్ళతో కట్టారు. గది చల్లబడింది. చల్లగా అని అనలేను, పడుకోగలిగినంత. గ్రానైటు, స్టీలు రెయిలింగు ఉన్న ఇంటి నెత్తిన తాటికమ్మల కప్పు. దారిన పోయేవాళ్ళు తల ఎత్తి చూసేవాళ్ళు.

మూడో ఎండాకాలం దాటేలోపు బజారు బాకీ తీరింది, దోస్తుకు మిగిలిందీ ఇచ్చేశాం, బంగారం విడిపించుకున్నాం. బ్యాంకు లోను ఇంకా ఉంది. అది కింది పోర్షన్ కిరాయిలోంచి దానంతటది పోతుంది. లెక్చరర్ కుటుంబం బదిలీ మీద వెళ్ళిపోయాక మేం పై పోర్షన్‌లోకి దిగాం. బంగారం చేతికి వచ్చిన రోజు ఏదో పెద్ద సంతోషం కలుగుతుందనుకున్నాను. దాన్ని బీరువాలో పెట్టి, మర్నాటి బడికి లంచ్ బాక్సుల గురించి ఆలోచించాను. సంతోషం తర్వాత వచ్చింది, మెల్లగా. కొత్త నంబరు నుంచి ఫోను మోగినా భయం వేయకపోవడం ఒకరోజు గమనించాను.

అన్నీ తిరిగి రాలేదు. పిలుపులకు పోవడం మానేశాక కొందరు చుట్టాలు మమ్మల్ని పిలవడమే మానేశారు. ఇప్పటికీ పిలవరు. మా బిడ్డ పదో తరగతి వాళ్ళతో హైదరాబాదు టూరుకు పోలేకపోయింది. ఇప్పుడు సిరిసిల్లలో అమ్మమ్మ ఇంట్లో ఉండి డిప్లొమా చదువుతోంది, సంతోషంగానే ఉంది. కానీ ఆ టూరు ఫోటోలు ఎవరైనా స్టేటస్‌లో పెడితే నాకు చూపిస్తుంది.

మొన్న ఒక ఆదివారం ఒకాయన మా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. వీసాలు ఇప్పించే మనిషి. ఏసీ మెకానిక్కులు కావాలట, జీతం బాగుందట, కొన్ని పైసలు ముందు కట్టాలట. మా ఆయన ఏ కంపెనీ, ఏ పని, ఎన్ని గంటలు అని అన్నీ అడిగాడు. చాలాసేపు విన్నాడు. నేను వంటింట్లో పప్పు రుబ్బుతూ చెవులు అటే పెట్టాను. పోతానంటాడేమో అనుకున్నాను, పోతానన్నా తప్పు పట్టలేను. షాపులో వచ్చే జీతం అక్కడి జీతంలో సగం కూడా ఉండదు.

"పైసలు గట్టి వచ్చేది లేదన్నా" అన్నాడు చివరికి. "పైసలు తీస్కోకుంట పంపే కంపెనీ ఉంటే జెప్పు, అప్పుడు ఆలోచిస్త."

"నీకేందన్నా, ఇల్లున్నది. ఎవలైనా అప్పు ఇస్తరు."

"ఇస్తరు" అన్నాడు మా ఆయన. "ఇచ్చెటోళ్లకేం కొదవ?"

వీసాల మనిషి టీ తాగి, ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ కాగితాన్ని కిటికీలో పెట్టాడు. మెట్‌పల్లి రోడ్డులో ఎవరి ఇంట్లోనో ఫ్రిజ్ చల్లబడటం లేదని పొద్దున్నే ఫోన్ వచ్చింది. పనిముట్ల సంచీ భుజానికి వేసుకుని, తొందరగానే వస్తానని చెప్పి మెట్లు దిగాడు.